మూత రోజు

ఆ పొద్దున అతని దగ్గరున్న మొదలంతా ఇంతే: తన మేకుల కొట్లోంచి తెచ్చుకున్న ఒక ముక్కాలిపీట, ఫ్లాస్కు నిండా టీ, వంగితే కిర్రుమనే ఎడమ మోకాలు, ఎవరికీ చెప్పకుండా గడప దాటించి తెచ్చిన కోపం. మొదలు తక్కువైనా చోటు మంచిదైతే వ్యాపారం నడుస్తుందని వాళ్ళ నాన్న అనేవాడు. చోటు మాత్రం మంచిదే. సందు మొదట్లో, చర్చి ప్రహరీ అంచున, ఇనుప గేటు రెండు రెక్కలూ సరిగ్గా వచ్చి కలుసుకునే చోట, నేలలో గడియ దిగే గుంట మీద పీట వేసి కూర్చున్నాడు. ఇక్కడ మనిషి కూర్చుంటే గేటు పడదు. గేటు పడాలంటే మనిషి లేవాలి. మనిషి లేవడు. లెక్క అంతవరకే వేసుకున్నాడు. ఆపైది వెయ్యకుండా బేరానికి దిగడం అతని జీవితంలో ఇదే మొదలు.

ఇంకా పూర్తిగా తెల్లారలేదు. చర్చి శిఖరం మీద మాత్రం వెలుగు పడింది. ముందు వాళ్ళకే పడుతుంది ఎప్పుడూ, ఆ తర్వాతే తీరిగ్గా సందులోకి దిగుతుంది, వెలుగుక్కూడా తెలుసు ఎవరి వాటా ముందో. వీపు వెనక సందు నిద్రపోతోంది. రెండు పక్కలా కింద కొట్లు, పైన ఇళ్ళు, షట్టర్లన్నీ దించి ఉన్నాయి, ఇవాళ ఎత్తరు కూడా. ఇవాళ మూత రోజు. ఏడాదికి ఒక్కసారి, పొద్దుటి గంట కొట్టగానే చర్చివాళ్ళు ఈ గేటు మూసి తాళం వేస్తారు, సాయంత్రం గంటకి తీస్తారు. ఆ మధ్యలో సందులో బేరం లేదు, బండి లేదు, బయటి మనిషి అడుగు లేదు. చిన్నప్పుడు ఈ రోజు కోసం ఎంత ఎదురు చూసేవాడు! క్షవరాలాయన కుర్చీ తెచ్చి నడివీధిలో వేసి పిల్లలందరికీ ఊరికే జుట్టు కత్తిరించేవాడు, బంతి తగిలి ఎదురుగా పెట్టిన అద్దం పగిలినా ఆ రోజుకి తిట్టేవాడు కాదు. ఆడవాళ్ళు స్టూళ్ళు వేసుకుని ఎదురెదురు గుమ్మాల్లో కూర్చుని, ఏడాది పొడుగునా దాచుకున్న మాటలన్నీ ఒక్క రోజులో ఖర్చు పెట్టేసేవాళ్ళు. నాన్న బనీను మీద, కొట్టు అరుగు మీద, పట్టపగలు నిద్రపోయేవాడు. నాన్న పగలు నిద్రపోవడం ఏడాదికి ఆ ఒక్క రోజే చూశాడు అతను. ఎవరు పెట్టారు నాన్నా ఈ రోజు అంటే, దేవుడు మనకిచ్చిన సెలవురా, అనేవాడు. సెలవట! దేవుడిచ్చిందట! ఆ మాట తల్చుకుంటే ఇప్పుడు పళ్ళు పటపటలాడుతున్నాయి. నాన్న మీదా? నాన్న మీద కాదు. నాన్న నోట్లో ఆ మాట పెట్టిందెవరో వాళ్ళ మీద.

ఈ సందు ఎవరిదన్న కేసులో, కోర్టులో ఆ చర్చి లాయరు ఎంత మర్యాదగా అడిగాడని. పిల్లాడికి బిస్కెట్ చూపించి సూది గుచ్చినట్టు. గేటు ఏటా ఎవరు మూస్తారండీ అన్నాడు. చర్చివాళ్ళు అన్నాడు ఇతను. తాళమో అన్నాడు. అప్పుడైనా నోరు మూసుకోవాలా లేదా? వ్యాపారస్తుడి నోరు ఊరుకుంటుందా? “తాళం మా కొట్టుదేనండీ, అసలు ఇత్తడి, వానకి తుప్పు పట్టదు, దేవుడి పని కదాని డబ్బు తీసుకోం,” అన్నాడు. హాల్లో నవ్వారు. అతనూ నవ్వాడు. అదే ఇప్పటికీ గొంతులో వెలక్కాయలా ఉంది, అతనూ వాళ్ళతో కలిసి నవ్వాడు. మూయొద్దని మీలో ఎవరైనా ఎప్పుడైనా అన్నారా అంటే, ఎందుకంటామండీ, సెలవు కదా, అన్నాడు. మరి సాయంత్రం తీసినప్పుడు? చప్పట్లు కొడతాం. అంతేనండీ, అని లాయరు కూర్చున్నాడు. కూర్చోడూ మరి, కడుపు నిండాక లేచి నిలబడే మనిషెవడు? తర్వాత బయట కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ తమ లాయరు చెప్పాడు, నీళ్ళు కారుతున్న మొహంతోనే: “నా స్థలంలోంచి నువ్వు నడుస్తున్నావనుకో. ఏళ్ళ తరబడి అడ్డం లేకుండా నడిస్తే ఆ దారి మీద నీకు హక్కొస్తుంది. అందుకని తెలిసినవాడు ఏడాదికో రోజు తలుపేస్తాడు. ఇది నాది, నేను పోనిస్తే నువ్వు పోతున్నావని లోకానికి చెప్పడం అన్నమాట అది. వాళ్ళు తలుపేశారు. మీరు ఆ తలుపుకి నూనె రాశారు.” నూనె కూడా తన కొట్టుదే అన్న సంగతి ఆయనకి చెప్పలేదు. రంగు కూడా. ఆకుపచ్చ రంగు, ఏడాదికో పూత, మూత రోజుకి ముందు వారమే, తనే నిలబడి వేయించేవాడు, అంచులు సరిగ్గా రాలేదని కుర్రాళ్ళని కేకలేసి మరీ. మనిషన్నవాడు తన మెడకి తాడు తనే పేని, అందులోనూ నాసిరకం కాకుండా చూసుకున్నాడు.

ఇప్పుడు తన భుజానికి తగులుతున్నది ఆ రంగే. మంచులో తడిసి చల్లగా, నున్నగా ఉంది. మంచి రంగు. ఏం చేస్తాం, మంచి సరుకే ఇచ్చాడు.

ముసలి ఫాదరుకి తెలుసా? రాత్రంతా అతన్ని తొలిచిన పురుగు అదొక్కటే. మొన్నటిదాకా ఉన్న ఆ ముసలాయన, తనకి బాప్తిస్మం ఇచ్చినాయన, నాన్నని మట్టి చేసినప్పుడు సమాధి దగ్గర తనకంటే గట్టిగా ఏడ్చినాయన, మూత రోజున తెల్లంగీ మోకాళ్ళదాకా ఎత్తి నడుముకి దోపుకుని పిల్లలతో బంతాడేవాడు. గోలు కొడితే రెండు చేతులూ ఎత్తి కేకపెట్టేవాడు. పొద్దున్నే తాళం వేయించి, ఆ తాళం లోపల మాతో బంతాడాడా? తెలిసే ఆడాడా? తెలియకపోతే అమాయకుడు, తెలిస్తే ఇంకా ఏమిటో, ఆ మాట ఫాదరు గురించి అనకూడదు, ప్రభువు క్షమించాలి, కానీ క్షమించమని అడగాలంటే ఎవరి గుమ్మానికి వెళ్ళాలి? ఈ గుమ్మానికే. ఈ గుమ్మం లోపలే. అదీ తంటా. అవతలివాడు పరాయివాడైతే పోట్లాట ఎంత సుఖం! వాడూ నేనూ వేరని తేలిపోతుంది. ఇక్కడ గోడకి ఆ పక్కన నాన్న ఉన్నాడు, నాన్న నాన్న ఉన్నాడు. పెళ్ళి ఆ గుమ్మంలోనే. ఆదివారం కానుక పళ్ళెం పట్టుకుని బెంచీల మధ్య నడిచేది తనే. ఎవరు వేస్తున్నారో చూడకుండా పక్కకి తిరగడం కూడా నాన్న దగ్గరే నేర్చుకున్నాడు.

అసలు ఆ గోడలెక్కడివి? చర్చి కట్టినప్పుడు ఇటుకలకి మట్టి ఇక్కడే తవ్వారు. ఇదే చోట, ఈ పీట కింద. తవ్వినవాళ్ళు, కాల్చినవాళ్ళు, మోసినవాళ్ళు పని అయ్యాక పోవడానికి చోటు లేక గొయ్యి చుట్టూ పాకలు వేసుకున్నారు. నిలవనీరు, దోమలు, ఏడాదికి ఇద్దరు పిల్లలు అందులో పోయేవారట. చర్చికి ఆ గొయ్యి కనపడలేదు, అప్పుడు. బట్టీ బూడిద, పగిలిన ఇటుక, రైలు బొగ్గు మసి, ఊళ్ళో కూల్చిన ప్రతి ఇంటి రాళ్ళూ తట్టలతో తెచ్చి పోశారు, ఒక తరం మొత్తం పోసింది. ఇప్పటికీ కొట్టు ముందు జానెడు తవ్వితే కాలిన ఇటుక తగులుతుంది. వాన పడితే చర్చి గోడ వాసనా తన కొట్టు నేల వాసనా ఒకటే. మట్టి మీరు పట్టుకుపోయారు, గొయ్యి మాకొదిలారు. పూడ్చి, గట్టిచేసి, దాని మీద బతుకు నిలబెట్టాక గొయ్యి కూడా మాదేనంటే ఇదెక్కడి బేరం? గొయ్యికి ధర కట్టిన వ్యాపారస్తుణ్ణి అతను ఇంతవరకు చూడలేదు. చూడాల్సి వచ్చిందే, అదీ దేవుడి దుకాణంలో!

కొత్త ఫాదరు మంచిగానే మాట్లాడతాడు. చదువుకున్నవాడు, చిన్నవాడు, మోకాలెలా ఉందని అడుగుతాడు, మందు పేరు కూడా చెప్తాడు. ఇక్కడ పెద్ద భవనం లేస్తుందట, కింద షాపులు, పైన ఆఫీసులు, ఆ అద్దెలతో దిక్కులేని ముసలివాళ్ళకి ఆశ్రమం నడుపుతారట. ముసలివాళ్ళకా? సందులో ముసలివాళ్ళు లేరా? ఇప్పుడు దిక్కున్నవాళ్ళని దిక్కులేనివాళ్ళని చేసి, ఆ తర్వాత ఆశ్రమంలో చేర్చుకుని గంజి పోస్తారన్నమాట. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు! ఈ మాట ఆయన గదిలో అనలేదు అతను. ఆయన గదిలో ఏమన్నాడు? అక్కడే ఉంది అసలు మంట. ఫాదరు కాగితం మీద గీత గీసి, రోడ్డు వైపు మొదటి కొట్టు మీది, ముందంతా గాజు, మీరు సరేనంటే మిగతావాళ్ళు మీ వెనకే వస్తారు, అన్నాడు. దానికి తను, యాభై దాటిన మనిషి, నలుగురికి పెద్ద, “ముందు వెడల్పు ఎంతుంటుందండీ?” అన్నాడు.

నాలుక అది. మనసుకంటే ముందు పరిగెత్తి గిరాకీ పట్టుకోవడం నేర్పింది దానికి తనే. వెడల్పు అడిగినవాడు కొన్నట్టే కదా? ఏ బేరంలో కాదు? అందుకే ఫాదరు, మేకులాయన ఒప్పుకున్నాడండీ, వెడల్పు కూడా అడిగాడు, అని మర్నాటికల్లా సందంతా చెప్పించాడు. అబద్ధం చెప్పాడనడానికి లేదు. అప్పట్నుంచి సందు మాట మారింది. రోజూ వచ్చి టీ తాగే క్షవరాలాయన కొడుకు ఇప్పుడు పనుందంటాడు. బావమరిది, “నాకైనా చెప్పొచ్చు కదా బావా, నేనూ గాజు వైపు చూసుకునేవాణ్ణి,” అని పళ్ళికిలించాడు. వాణ్ణి కొట్టాలనిపించింది, కొట్టలేదు, ఎందుకంటే వాడికి నిజంగానే కావాలి. ఎదురింటి దర్జీ ఆవిడైతే ముఖం తిప్పుకోదు. తిప్పుకుంటే బాగుండు. నిన్న సాయంత్రం అందరూ కూడినప్పుడు, ఈ ఏడు గేటు మూయనిస్తే ఇక కేసు పోయినట్టేనని తమ లాయరు రాసి పంపిన మాట ఒకరు చదివి వినిపిస్తే, ఆవిడ అందరిలోనూ, “వెడల్పు సంగతి తేలిందా అన్నయ్యా?” అంది. అందరూ నేల చూశారు. తర్వాత మాటలు సాగాయి, సాగుతూనే ఉన్నాయి. ఆపాలి అన్నారు. ఎవరాపుతారు అన్నారు. పిల్లల పెళ్ళిళ్ళున్నాయి, రేపు మట్టి ఇవ్వడానికి చోటుండొద్దా, దేవుడి గుమ్మానికి అడ్డం పడతామా అన్నారు. పిల్లి మెడలో గంట కట్టే తెలివి అందరికీ ఉంది, పిల్లి దగ్గరికి వెళ్ళే కాళ్ళే లేవు. తను మాట్లాడితే నమ్మేదెవరు? నమ్మకం కూడా సరుకే, ఒకసారి తడిస్తే తూకానికి రాదు.

అడుగుల చప్పుడైంది. గంట బాబాయ్. నాన్న స్నేహితుడు, నడుం వంగినా ఇంకా చర్చి గంట ఆయనే కొడతాడు. చేతిలో తాళం. ఇత్తడిది. పీటని చూశాడు, మనిషిని చూశాడు.

“ఏరా అబ్బాయ్, చలిలో ఇక్కడ కూర్చున్నావేం? ఇంట్లోంచి తరిమేసిందా అమ్మాయి?”

“గాలికి కూర్చున్నా బాబాయ్.”

“గాలి ఇంకో పక్క కూడా వస్తుంది కదరా.”

“ఇక్కడైతే రెండు పక్కల్నించీ వస్తుంది.”

ముసలాయన తాళాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. “నా కూటికి ఎసరు పెట్టకురా. నేను గంట కొడతాను, గేటు మూస్తాను. అంతే నాకు తెలిసింది.”

“కొట్టు బాబాయ్. గంట కొట్టొద్దని ఎవరన్నారు?”

ఆయన కాసేపు అక్కడే నిలబడి, ఫ్లాస్కు మూతలో పోసిన టీ తాగి, మూత జాగ్రత్తగా తిరిగిచ్చి వెళ్ళాడు. ఆయన మీద కోపం రాలేదు, అది ఇంకా కోపం తెప్పించింది. ప్రతిసారీ ఇంతే, కోపం తెప్పించినవాడు ఎక్కడో గదిలో ఉంటాడు, ఎదురుగా వచ్చి నిలబడేది మాత్రం నాన్నతో బీడీ పంచుకున్న మనిషి. తాళం పంపినవాడు రాడు, తాళం మోసేవాడే వస్తాడు. అలాగే తనూ మోశాడుగా ఇన్నేళ్ళు? వెలుగు గోడ దిగి గేటు పైకొసల మీదికొచ్చింది. సందులో ఎవరో కిటికీ తీశారు, మళ్ళీ వేశారు. చూస్తున్నారు. చూడనీ. సరుకు కొట్టు ముందు పెట్టాక చూడొద్దంటామా? మోకాలు పీకుతోంది. ఒక్కసారి లేచి కాలు చాచుకుంటే బాగుండు. లేవడు. ఇక్కడ పెట్టిన పెట్టుబడి కూర్చోవడమే.

గంట మోగింది. చిన్నప్పట్నుంచీ విన్న గంట, వింటే చెయ్యి దానంతటదే నుదుటికి పోతుంది, పోయింది, సిలువ గుర్తు వేసుకున్నాడు. వేసుకున్నందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. ఎందుకు మండాలి? గంట వాళ్ళదా? ఆ గంట కొనడానికి సందులో ఆడవాళ్ళు గాజులిచ్చారని చెప్పుకుంటారు. సిలువ వాళ్ళ కాంపౌండులో మొలిచిందా?

కొత్త ఫాదరు ప్రార్థన ముగించి వచ్చాడు, వెనక గంట బాబాయ్. ఫాదరు నవ్వుతూనే ఉన్నాడు.

“మీరు పెద్దవాళ్ళు. ఇలా రోడ్డున కూర్చోవడం బాగుందా? లోపలికి రండి, మాట్లాడుకుందాం.”

“లోపలికొచ్చి మాట్లాడితే నా నోరు వెడల్పులు అడుగుతుంది ఫాదరుగారూ. ఇక్కడే బాగుంది.”

“ఇది ఇవాళ్టి ఆచారం కాదు కదా. మీ నాన్నగారి కాలం నుంచీ మూస్తున్నదే.”

“మా నాన్న సెలవనుకున్నాడండి.”

“సెలవే.”

“సెలవైతే నాకొద్దు. పని చేసుకుంటాను.”

నవ్వు పోయింది. చిన్నవాడే పాపం, ఇలాంటివి చదువులో చెప్పి ఉండరు. “మరి ఈ ఆదివారం నుంచి కానుక పళ్ళెం మీరు పట్టక్కర్లేదు,” అన్నాడు. మెల్లగానే అన్నాడు. మెల్లగా అన్న మాట లోపలెక్కడో దిగి, దిగి, నాన్న దగ్గర ఆగింది. ఫాదరు గంట బాబాయ్ వైపు చూశాడు. బాబాయ్ గేటు చూశాడు, ఆకాశం చూశాడు, తాళం చూశాడు, నడుం పట్టేసిందని గోడకి ఆనుకున్నాడు. అప్పుడు ఫాదరే రెక్క పట్టుకుని తోశాడు. కిర్రుమనలేదు. నూనె మంచిది. నిశ్శబ్దంగా వచ్చి మోకాలికి తగిలింది, ఆ మోకాలికే. నొప్పి నడినెత్తికి ఎక్కింది. అతను రెండు చేతులతో కమ్మీ పట్టుకున్నాడు. అటు ఒకాయన, ఇటు ఒకడు, మధ్యలో తన రంగు. తోసెయ్యి, అనుకున్నాడు, ఇంకాస్త తోసెయ్యి, ఇన్నేళ్ళు మెత్తగా మూశారు, ఒక్కసారైనా గట్టిగా మూయండి, మూయడమంటే ఇదీ అని సందంతా కళ్ళారా చూడనీ!

వెనక షట్టరు లేచిన చప్పుడు. మూత రోజున షట్టరు! చక్రాల చప్పుడు. దర్జీ ఆవిడ తోపుడుబండి మీద కుట్టిన యూనిఫారాల మూటలు పేర్చి, తనే తోసుకుంటూ వచ్చి సరిగ్గా పీట వెనక ఆపింది. ఆవిడ ముఖంలో ప్రేమేమీ లేదు.

“జరుగన్నయ్యా. బడికి సరుకియ్యాలి, బండి పోవాలి.”

“ఇవాళ దారి మూతమ్మా,” అన్నాడు ఫాదరు.

“ఎవరు మూశారండీ? తీసే ఉంది కదా.” ఇతని వైపు తిరిగింది. “నువ్వేమిటి, గేటుకి మేకువా? లేస్తావా లేవవా?”

ఆపై లెక్క ఇక్కడ వచ్చిపడింది. లేస్తే ఖాళీ, ఖాళీలో గేటు పడొచ్చు. లేవకపోతే దారి మూసింది తనే అవుతాడు. చర్చి మూసినా తను మూసినా మూతే. అంతదాకా ఆ సంగతి తట్టనే లేదు! దారి కోసం దారికి అడ్డంగా కూర్చున్న తెలివి తనది! ఆవిడని నమ్మాలి. తనని నమ్మని ఆవిడని. పళ్ళు బిగించి, కమ్మీ పట్టుకుని లేచాడు, కాలు తిమ్మిరెక్కి వంగిపోయింది, పీట కాలితో పక్కకి తన్నాడు. బండి ముందు చక్రం గడియ గుంట దాటింది. ఫాదరు చెయ్యి రెక్క మీదే ఉంది. ఆడమనిషి తోస్తున్న బండి మీదికి గేటు వెయ్యడం ఆయన వల్ల కాలేదు, ఆ మాత్రం మంచివాడే. బండి అవతలికి పోయింది. రెక్క కదలబోతుండగానే వెనక ఇంకో షట్టరు లేచింది. క్షవరాలాయన కొడుకు సైకిలు నడిపించుకుంటూ, ఎక్కడికెళ్తున్నాడో వాడికే తెలియనట్టు వచ్చి, గేటు దాటి, రోడ్డు మీద నిలబడి, మళ్ళీ లోపలికొచ్చాడు. ఆ తర్వాత ఖాళీ డబ్బాలతో ఒకరు. పాలకి ఒకరు. బావమరిది ఊరికే చేతులూపుకుంటూ. ఎవరూ నినాదాలివ్వలేదు, ఎవరూ అతని భుజం తట్టలేదు. పనులున్నవాళ్ళు పనికి, లేనివాళ్ళు పని కల్పించుకుని, అటూ ఇటూ నడిచారు. ఫాదరు కాసేపు నిలబడి, ఎండ ముఖం మీదికి రాగానే లోపలికి వెళ్ళిపోయాడు. గంట బాబాయ్ తాళం జేబులో వేసుకుని ఆయన వెనకే వెళ్ళాడు.

పడమటికి ఎండ తిరిగి సాయంత్రం గంట మోగేదాకా అతను కొట్టు తీసే కూర్చున్నాడు, కోపం చల్లారకుండానే. పోయినవేమిటో తెలుసు. గాజు కొట్టు పోయింది. పళ్ళెం పోయింది, దాని బదులు దొరికేది ఏ బజార్లోనూ లేదు. చచ్చాక నాన్న పక్కన చోటిస్తారో ఇవ్వరో, అదీ అనుమానం పద్దులో పడింది. నేల ఇంకా ఎవరిదీ కాలేదు, కోర్టు వాయిదాల్లోనే ఉంది. దర్జీ ఆవిడ ఖాళీ బండితో తిరిగొస్తూ పలకరించలేదు, కానీ వెడల్పు మాటా ఎత్తలేదు. ఇవన్నీ తీసెయ్యగా వచ్చిందేమిటని చూస్తే, ఒక్క జవాబు. వచ్చే వాయిదాకి ఆ మర్యాదస్తుడైన లాయరు లేచి, ఈ ఏడు గేటు ఎవరు మూశారండీ అని అడిగితే, సందులో ఎవరిని బోనెక్కించినా ఒకే మాట చెప్తారు: “ఎవరూ మూయలేదండీ.”